చిత్తుప్రతికీ అచ్చుకీ మధ్య

నవల మీద జరిగే సభల్లో అధ్యక్షుడు మాట్లాడవలసిన సంగతులు ముందే ఖరారై ఉంటాయి. తెలుగు నవల పుట్టుక, తొలి నవల ఏదన్న తగవు, వస్తువు, శిల్పం, వాదాలు, చివర నవలకు రోజులు దగ్గరపడ్డాయా అన్న దిగులు. వీటన్నిటి మీదా ఈ సదస్సులో పత్రాలున్నాయి కాబట్టి వాటి జోలికి పోను. ఎవరూ పత్రం రాయని చోటు ఒకటి మిగిలింది. తొలి నవల చివరి వాక్యం పూర్తయిన నాటికీ, ఆ నవల పోటీకో పత్రికకో ప్రచురణకర్తకో చేరే నాటికీ మధ్య గడిచే కాలం అది. కొత్తగా నవల రాసేవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే. అందుకు కారణం ప్రతిభ చాలకపోవడం కాదు. రాతప్రతిని అచ్చుకు ముందే చదివి, ఉన్నదున్నట్టు చెప్పగల మనిషికి మన సాహిత్యరంగం స్థానం కల్పించకపోవడం. ఈ ఉపన్యాసంలో నేను నిలబెట్టదలచుకున్న మాట ఇదొక్కటే.

ముందు ఆ కష్టం ఎలాంటిదో చూద్దాం. నాలుగు వందల పేజీల నవలను తలలో ఉంచుకోవడం వేరు, కాగితం మీద నిలబెట్టడం వేరు. మూడో అధ్యాయంలో భర్త పోయిన మేనత్త పద్దెనిమిదో అధ్యాయంలో అతనితో పోట్లాడుతుంది. కరువు ఏడాది మొదలైన కథలో నాలుగు నెలలు తిరక్కుండానే చెరువు అలుగు పారుతుంది. ఒకే పాత్ర ఒక పేజీలో ‘పోయిండు’ అంటుంది, ఇంకో పేజీలో ‘వెళ్లాడు’ అంటుంది. ఇవి పైకి కనబడే తప్పులు, ఓపికుంటే దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి. మొదటి ముప్పై నలభై పేజీలు తరచూ కథకు చెందవు. ఊరి నైసర్గిక స్వరూపం, వంశవృక్షం, వీధుల వర్ణన వంటివి రచయిత తనకు ధైర్యం చెప్పుకోవడానికి రాసుకున్నవి. అసలు నవల ఐదో అధ్యాయంలో మొదలవుతుంది. అది రాసినవాళ్లకు కనబడదు, ఎందుకంటే ఆ ఊరు లేకుండా వాళ్లు కథలోకి దిగలేకపోయారు. పాఠకులు మాత్రం ఆ ఊరు లేకుండానే దిగగలరు. ఈ సంగతి చెప్పడానికి రెండో మనిషి కావాలి.

రాతప్రతిని ఇలా రెండో మనిషి చేత చదివించి దిద్దుకునే పనికి రచయితను పురమాయించే నియమాలేమైనా ఉన్నాయా అని వెతికితే, ఉన్నవన్నీ రూపానికి సంబంధించినవే. వారపత్రికల కాలంలో కాగితానికి ఒకవైపే రాయాలి, మార్జిను వదలాలి, తిప్పి పంపడానికి తగిన స్టాంపులు అతికించిన కవరు జతచేయాలి, రచన సొంతమనీ అనువాదమో అనుకరణో కాదనీ హామీపత్రం రాయాలి. ఇప్పుడు స్టాంపులు పోయి యూనికోడ్ వచ్చింది. హామీపత్రం మాత్రం అలాగే ఉంది. పైగా కొత్త చాకిరీ చేరింది. రచయిత యూనికోడ్‌లో టైపు చేస్తే, డీటీపీ వాళ్లు చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లలో పేజీలు కడతారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, గుణింతాలు ఎగిరిపోతాయి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల మధ్య కంటికి కనబడకుండా ఉంచిన విడుపు పోయి అక్షరాలు ఒకదాని కింద ఒకటి కూరుకుంటాయి. నెలల తరబడి రచయిత దిద్దేది వీటినే. మూడు ప్రూఫులు చూశాక నవలను సిద్ధం చేశానన్న తృప్తి కలుగుతుంది. సిద్ధమైంది అక్షరాలు, నవల చిత్తుప్రతిగా ఉన్నట్టే అచ్చుకు పోయింది.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే మన నవల ఏ దారుల్లో నడిచి వచ్చిందో చూడాలి. ప్రధానమైనవి రెండు దారులు, పోటీ ఒకటి, ధారావాహిక రెండోది. పోటీల సంప్రదాయం దాదాపు తెలుగు నవల అంత పాతది. 1890లలో న్యాపతి సుబ్బారావు ‘చింతామణి’ పత్రిక ద్వారా నవలల పోటీలు పెట్టకపోతే చిలకమర్తి లక్ష్మీనరసింహం నవలాకారుడిగా అంత త్వరగా మనకు దక్కేవారు కారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ ‘వేయిపడగలు’నూ ‘నారాయణరావు’నూ ఒకేసారి ముందుకు తెచ్చి, బహుమతిని విశ్వనాథ సత్యనారాయణకూ అడివి బాపిరాజుకూ పంచింది. 1960ల మొదట్లో ఆంధ్రప్రభ వారపత్రిక పోటీ కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ను వెలికి తీసింది, అది 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది. మన కాలంలో తానా పోటీలు ‘రేగడి విత్తులు’, ‘శప్తభూమి’, ‘కొండపొలం’ వంటి నవలలను ఇచ్చాయి. పోటీలు లేకపోతే తెలుగు నవల ఇంకా బీదదయ్యేది. ఇందులో నాకు సందేహం లేదు.

అయితే పోటీ ఇచ్చేది తీర్పు. ఎంపికైన నవలకు బహుమతి, ఎంపిక కానిదానికి మౌనం. రాతప్రతులు పేరు లేకుండా న్యాయనిర్ణేతల దగ్గరకు వెళతాయి, మంచిదే. కానీ చదివిన పెద్దల మనసులో పుట్టిన అభిప్రాయం రచయితకు చేరే దారి ఉండదు. చివరి వడపోతదాకా వచ్చి ఆగిపోయిన నవలను తీసుకోండి. దాన్ని ముగ్గురు సమర్థులైన పాఠకులు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ కూలిందో వాళ్లకు తెలుసు. తెలుగులో అచ్చుకాని ఒక నవలకు అంతకంటే శ్రద్ధగల చదువు దొరకడం దుర్లభం. ఫలితాలు ప్రకటించిన మర్నాడు ఆ చదువంతా వృథా. రచయిత అదే ప్రతిని, అవే లోపాలతో, మరుసటి ఏడాది ఇంకో పోటీకి పంపుతారు. గడువు ఇంకా పదిరోజులుందంటే పేజీల సంఖ్య సరిపోవడానికి రెండు అధ్యాయాలు సాగదీస్తారు కూడా.

ధారావాహిక సంగతి కొంత మెరుగు. రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) ‘అల్పజీవి’ ‘భారతి’ పత్రికలో వచ్చింది. పత్రికకు సంపాదకుడుంటాడు, వారం వారం ఉత్తరాలు వస్తాయి, కనీసం ఒక కన్ను ముందుగా పడుతుంది. అయితే సీరియల్‌కు దాని బలహీనత దానికుంది. తుది అధ్యాయం రాయకముందే మొదటి అధ్యాయం అచ్చయిపోతుంది. ఇక వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు లేదు. రావిశాస్త్రి వంటి మహా శిల్పికే ‘రత్తాలు-రాంబాబు’ అసంపూర్ణంగా మిగిలిపోయింది. పైగా ప్రతి వారం చివర ఒక ఉత్కంఠ, మరుసటి వారం మొదట్లో జరిగిన కథ జ్ఞాపకం చేసే రెండు పేరాలు తప్పవు. పుస్తకంగా వేసేటప్పుడు వీటిని తీసేయాలి. తీయకుండా వేసిన నవలలు గ్రంథాలయాల్లో కొల్లలు. అచ్చయినదాన్ని మళ్లీ ముట్టుకోకూడదన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని, మనలో బాగా పాతుకుపోయింది. వారపత్రికలు చిక్కిపోయాక ఆ సంపాదకుడి కన్ను కూడా పోయింది. నమ్మకం మాత్రం మిగిలింది.

రాతప్రతిని చదివేవాళ్లు మనకు బొత్తిగా లేరా అంటే, ఉన్నారు. వాళ్లను తప్పు సమయంలో పిలుస్తున్నాం. ముందుమాటల సంప్రదాయం గురించి చెబుతున్నాను. తెలుగులో తొలి నవలకు ఒకటి కాదు, మూడేసి ముందుమాటలుంటాయి. అవి రాసేవాళ్లు పేరున్న విమర్శకులు, అనుభవమున్న రచయితలు. అంటే ఆ నవల లోపాలను అందరికంటే బాగా చెప్పగలవాళ్లు. వాళ్ల చేతికి ప్రతి ఎప్పుడు చేరుతుంది? పేజీలు కట్టి, ముఖచిత్రం వేయించి, ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడిన తర్వాత. విస్తళ్లు వేశాక ఉప్పు సరిపోయిందా అని అడగడమే ఇది. ఆ దశలో ఎవరేం చెప్పగలరు? రచయిత కృషిని మెచ్చుకుంటారు, వస్తువు నూతనమంటారు, చివర ‘కొన్ని చోట్ల నిడివి తగ్గితే బాగుండేది’ అన్న వాక్యం మెత్తగా జారవిడుస్తారు. ముందుమాటలో ఆ వాక్యం కనబడిందంటే, ఆరు నెలల ముందు అందవలసిన సలహా ఆలస్యంగా అందిందని అర్థం. ముందుమాట రాసే చేతులే చిత్తుప్రతి మార్జిన్లలో రాసి ఉంటే, ముందుమాట అవసరమే ఉండేది కాదేమో.

దీనికి మొదటి ఆక్షేపణ నేను ఊహించగలను. విశ్వనాథ ‘వేయిపడగలు’ ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారని ప్రసిద్ధి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ రాసింది రాయవెల్లూరు జైల్లో. వాళ్లకెవరు సలహాదారులు? నిజమే. అయితే ఈ ఉదాహరణలు రుజువు చేసేది మనం అనుకునేదాన్ని కాదు. ‘వేయిపడగలు’ చెప్పేనాటికి విశ్వనాథ కొత్త రచయిత కారు. ‘ఏకవీర’ రాసిన చెయ్యి, పద్యంలో పండిన చెయ్యి. అప్పటికి తెలుగుదేశంలో ఆయనకున్న శిక్షణ మన తొలి నవలాకారులలో ఎవరికుంది? పైగా ఆయన అభిమానులు కూడా ఆ బృహద్గ్రంథంలో కథ ఆగిపోయి ఉపన్యాసం నడిచే చోట్లున్నాయని ఒప్పుకుంటారు. ఆ వేగం ఆయన గొప్పతనానికి గుర్తే, కొత్తవాళ్లకు ఆదర్శం కాదు. మన ముందున్న మేలైన ఆదర్శం నాటకంలో ఉంది. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, జనం మెచ్చారు. అక్కడితో ఆగినా గురజాడకు పేరుండేది. ఆయన ఆగలేదు. దాన్ని దాదాపు తిరిగి రాసి, ఐదంకాలను ఏడుకు పెంచి, మధురవాణిని మరో మనిషిగా మలిచి, 1909లో మలికూర్పు వేశారు. మనం చదువుతున్నది, ఆడుతున్నది, బడిపిల్లలకు చెబుతున్నది ఆ మలికూర్పునే. మెప్పు పొంది అచ్చయిన రచననే అంతగా తిరగరాసిన మనిషిని యుగకర్త అంటాం గాని, ఆయన పద్ధతిని మాత్రం పాటించం.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. దిద్దడమంటే చదును చేయడమనీ, సంపాదకుడి కత్తెరకు ముందుగా తెగేది యాస అనీ, దళిత, బహుజన, తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలు తమ భాషను ‘శిష్ట’ సంపాదకుల చేతికి ఎందుకు అప్పగించాలనీ అడిగేవారున్నారు. ఈ భయానికి చరిత్రలో ఆధారం ఉంది, తోసిపుచ్చను. పాత్ర నోటి మాటను రెండు జిల్లాల వ్యావహారికంలోకి మార్చి అదే సంస్కరణ అనుకున్న రోజులున్నాయి. కానీ చదవడం వేరు, దిద్దడం వేరు. నేను అడుగుతున్నది చదివి ప్రశ్న వేసే మనిషిని. ‘ఈ పేజీలో ఇలా అన్నది, ఆ పేజీలో అలా ఎందుకన్నది?’ అన్న ప్రశ్నతో యాస పలచబడదు, గట్టిపడుతుంది. జవాబు రచయితదే, చివరి మాటా రచయితదే. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లోని తెలంగాణ పలుకుబడి గానీ, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లోని చిత్తూరు మాట గానీ నిలిచాయంటే, ఆ మాట ఎక్కడా తడబడలేదు గనుకే. యాసలో రాసే రచయితకు అదే నేల మాట ఎరిగిన పాఠకుడు మరీ అవసరం. కోస్తా విమర్శకుడికి వినబడని అపశ్రుతి అతని చెవికే వినబడుతుంది.

ఇక డబ్బు. ఐదువందల ప్రతులు అమ్ముడైతే గొప్ప అనుకునే చోట రాతప్రతి చదివేవాళ్లకు ఎవరిస్తారు, ఎంతిస్తారు అంటారు ప్రచురణకర్తలు. వాళ్ల బాధ అబద్ధం కాదు. అందులోనూ తొలి నవలల్లో చాలావాటికి అచ్చు ఖర్చు రచయితే పెట్టుకుంటున్న రోజులివి. ప్రచురణకర్త నష్టపోయేది లేదు కాబట్టి చదవవలసిన అగత్యమూ లేదు. కోరినన్ని ప్రతులే వేసుకునే అచ్చు సౌకర్యం, ఈ-పుస్తకాలు వచ్చాక గుమ్మం దగ్గర ఆపేవాళ్లే లేరు, అది ప్రజాస్వామ్యం కదా అని ఇంకొందరంటారు. గుమ్మాలు పోవడం నాకూ సంతోషమే. కానీ ఆపేవాళ్లతోపాటు పలకరించేవాళ్లూ పోయారు. చెప్పుకోకపోతే అన్యాయమవుతుంది గనుక ఒక లెక్క చెబుతాను. ముఖచిత్రానికి, ఆవిష్కరణ సభకు, శాలువాలకు, ఫ్లెక్సీకి రచయిత పెట్టే ఖర్చులో కొంత చాలు, ఒక మంచి పాఠకుడు నవలను చదివి నాలుగు పేజీల అభిప్రాయం రాసిపెట్టడానికి. డబ్బు లేక కాదు, ఆ పనికి డబ్బివ్వాలన్న ఆలోచన లేక.

కనుక ఈ వేదిక నుంచి మూడు విన్నపాలు. నవలల పోటీలు నిర్వహించే సంస్థలకు మొదటిది: చివరి వడపోతకు వచ్చి బహుమతి రాని ప్రతి నవలకూ న్యాయనిర్ణేతల చేత రెండు పేజీల అభిప్రాయం రాయించి, రచయితకు పంపండి, న్యాయనిర్ణేతల పేర్లు చెప్పనక్కర్లేదు. ముందుమాటలు రాసే పెద్దలకు రెండోది: పేజీలు కట్టిన ప్రతి మీ చేతికి వస్తే తిప్పి పంపండి, చిత్తుప్రతి దశలో ఇస్తేనే చదువుతామని చెప్పండి. మూడోది ఎదురుగా కూర్చున్న కొత్త రచయితలకు. నవల పూర్తయిందనుకున్న రోజున టైపు చేసేవాళ్లకు ఇవ్వకండి. ఆ నేల తెలిసినవారు ఒకరికి, తెలియనివారు ఒకరికి ఇచ్చి, వాళ్లు చెప్పింది విని, మొదటి ఐదు అధ్యాయాలు మళ్లీ రాయండి. పోటీ గడువు దాటిపోతే పోనివ్వండి, వచ్చే ఏడాది ఇంకోటి ఉంటుంది.

సెలవు. ఇక మొదటి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.