ఏకజన గ్రామము – గ్రంథాలయము
(రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఊరనగా నేమి? ఇండ్లా, జనులా, దస్తరములోని లెక్కలా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒక కుగ్రామ చరిత్రము చక్కని సమాధానము చెప్పుచున్నది. ఆ గ్రామము పేరు మోనోవై. నెబ్రాస్కా రాష్ట్రమునకు ఈశాన్య భాగమున, బాయిడ్ కౌంటీలో నున్నది. విస్తీర్ణము చదరపు మైలులో అయిదవ వంతు మాత్రమే.

1902వ సంవత్సరమున రైలుమార్గ మచ్చటి వరకు వచ్చినది. వెంటనే వీథులు కొలిచి, నివేశన స్థలములకు హద్దులు వేసిరి. ఆ బయళ్లలో అడవిపూలు విస్తారముగా పూచెడివట. అందుచే ఆదివాసుల భాషలో పువ్వని యర్థమిచ్చు పేరునే ఊరికి పెట్టిరని చెప్పుదురు. చుట్టుప్రక్కల కర్షకులకు కావలసిన అంగళ్లు, తపాలా కచేరి, బడి, ప్రార్థనామందిరము క్రమముగా వెలసినవి.

ఇక జనాభా లెక్క చిత్తగింపుడు. 1910లో 109 మంది. 1930లో 123 మంది. పదేండ్ల కొకసారి తీయు లెక్కలలో ఊరికి అదియే పరాకాష్ఠ. 1940లో 99, 1950లో 67, 1960లో 40, 1970లో 16. 1980లో ఇరువురు పెరిగి 18 అయిరి కాని, 1990 నాటికి ఆరుగురే మిగిలిరి. 2000లో ఇద్దరు, భార్యాభర్తలు. 2004లో భర్త కాలధర్మము నొందెను. 2010 లెక్కలో నిలిచినది ఒక్కరే.

ఈ క్షయమునకు ఏ మహమ్మారియు కారణము కాదు, ఏ వరదయు కారణము కాదు. 1930 తరువాతి అనావృష్టియు, ఆర్థిక మాంద్యమును సేద్యగాండ్రను క్రుంగదీసినవి. పిమ్మట యంత్రములు వచ్చినవి. పది కుటుంబములు దున్ను భూమిని ఒక్క కుటుంబమే దున్నగలిగినది. పనిలేని యువకులు పట్టణములకు తరలిరి. కొనువారు లేక అంగళ్లు, చదువువారు లేక బడి, 1974 నాటికి అన్నియు మూతపడినవి.

అయినను ఊరు రద్దు కాలేదు. 2010 నాటికి అమెరికాలో ఒకే నివాసితో పురపాలక ప్రతిపత్తి నిలుపుకొన్న గ్రామ మిదొక్కటే. ఆ వృద్ధ వనితయే గ్రామాధ్యక్షురాలు, లేఖకురాలు, కోశాధికారిణి. 1971 నుండి దంపతులు నడపిన చిన్న పానశాల యందు వడ్డించునదియు ఆమెయే. ఆ పానశాలకు అనుమతిపత్రము ఊరి పక్షమున ఆమె యిచ్చుకొనెడిది, పన్ను ఆమె చెల్లించి ఆమెయే జమ కట్టుకొనెడిది. నాలుగు వీథిదీపములకు ప్రభుత్వ ద్రవ్యము రావలయునన్నచో ఏటేట రహదారుల ప్రణాళిక సమర్పింపవలయును. ఆ కాగితము కూడ ఆమె చేతివ్రాతయే.

2020 లెక్కలో మోనోవై జనాభా రెండని ప్రకటింపబడినది! రెండవ మనుష్యుడు వచ్చినది లేదు. వ్యక్తుల గుట్టు బయటపడకుండుటకై లెక్కల శాఖవారు చిన్న చిన్న ఊళ్ల సంఖ్యలను బుద్ధిపూర్వకముగా కొంచెము మార్చుదురు. కావున అంకెలను బట్టి మాత్రమే ఊరి నెఱుగుట పొరపాటు.

ఇక అసలు విషయము. గతించిన ఆ భర్త గొప్ప పఠనాసక్తుడు. తాను కూర్చిన పుస్తకములను నలుగురికి అందుబాటులో నుంచవలయునని ఆయన కోరిక. ఆయన పోయిన పిమ్మట భార్యయు, బంధువులును కలిసి చిన్న పాకవంటి కట్టడమున సుమారు 5000 గ్రంథములు పేర్చి, రూడీ గ్రంథాలయమని ఆయన పేరే పెట్టిరి. అంగడియు, బడియు పోయిన ఊరిలో క్రొత్తగా పుట్టినది గ్రంథాలయము!

సభాసదులారా! ఆ గ్రంథములు ఇంటిలో నున్నంత కాలము ఒకరి సొత్తు. తలుపు తెఱచి పరులను పిలిచిన దినముననే అవి గ్రంథాలయమైనవి. ఇన్నూఱు గడపలున్న ఊరిలో అటకలపై చెదలు తినుచున్న పుస్తకము లెన్ని? పుచ్చుకొని తిరిగి ఈయని సంపుటము లెన్ని? వానిని బీరువాకు చేర్చుటయే ఈ ఉత్సవమునకు తగిన కానుక. చందాదారుల పట్టీ దీర్ఘమగుట మేలే కాని, పుస్తకము చేతులు మారుచుండుట అంతకంటె మేలు.

ఈ రజతోత్సవము స్వర్ణోత్సవమునకు నాంది యగుగాక! స్వస్తి.