మందుల యంగడిలో బాధ్యుడెవ్వడు?

(పఠనమందిర సభలో మేము చేసిన యుపన్యాసము)



పఠనమందిరములందు సాధారణముగా కవులను గూర్చియు, దేశనాయకులను గూర్చియు నుపన్యాసములు జరుగుచుండును. నేటి సాయంకాలము మేము మందుల యంగడిని గూర్చి మాటాడ బూనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని కావ్యము చదువని యిండ్లు పెక్కు గలవు. మందు కొనని యిల్లొక్కటియు లేదు. కావున మా సాహసమును మన్నింతురుగాక.

కొలది దినముల క్రిందట మేమొక మందుల యంగడికి పోయితిమి. మాకు ముందుగా నొక వృద్ధురాలు నిలిచి యుండెను. ఆమెకు కీళ్లవాతము. అంగడిలోని కుర్రవాడు చీటి చూచి, మాత్రలు తీసి, సంచిలో వేసి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెప్పి మరియొకరి వైపు తిరిగెను. ఆమెకు నమ్మకము చాలక, చీటి మా చేతికిచ్చి చదివి పెట్టుమనెను. అందు వైద్యుడు ఒక మాత్రకెదురుగా "వారమున కొక్కసారి మాత్రమే" యని స్పష్టముగా వ్రాసి యుండెను. ఆ మాత్ర మెథోట్రెక్సేటు. వారమున కొకసారి పుచ్చుకొన్నచో కీళ్లనొప్పిని తగ్గించును. ప్రతిదినము పుచ్చుకొన్నచో రక్తమును క్షీణింపజేసి ప్రాణము తీయగలదు.

మేమా సంగతి చెప్పగా కుర్రవాడు తత్తరపడి మాట దిద్దుకొనెను. గోడమీద నద్దపు చట్రములో నొక ఫార్మసిస్టుగారి ధ్రువపత్రము, దాని పక్కనే వారి ఛాయాచిత్రము వ్రేలాడుచుండెను. "వీరెక్కడ?" అని యడిగితిమి. కుర్రవాడు దాపరికము లేక, "ఆయన ఇక్కడ ఉండరండి. సర్టిఫికెట్టు మాత్రమే ఉంటుంది" అనెను.

సోదరులారా! ఈ యొక్క మాటయే నేటి మా యుపన్యాసమునకు మూలము.

పూర్వము మన వైద్యుడే మందు చేసెడివాడు. మూలిక తెచ్చుట, శుద్ధి చేయుట, కల్వమున నూరుట, రోగికి పథ్యము చెప్పుట, అన్నియు నొక్క చేతిమీదుగనే జరుగుచుండెను. ఐరోపాఖండమున 13వ శతాబ్దమున సిసిలీ నేలిన రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి, వైద్యుని వృత్తిని మందు చేయువాని వృత్తిని శాసనముచే వేరుపరచెను. చీటి వ్రాయు చేయి వేరు, మందిచ్చు చేయి వేరు అగుటలో మేలు గలదు. ఒకరి పొరపాటును మరియొకరు పట్టుదురు. మందు నమ్మగా వచ్చు లాభము వైద్యుని కలమును నడపదు.

మన దేశమున నీ రెండవ చేయి ఆంగ్లేయుల కాలమున ఆసుపత్రులతో కూడ వచ్చెను. ఆయనయే కాంపౌండరు. మనలో పెద్దవారికి ఆయన బాగుగా జ్ఞాపకముండును. రోగి యింటినుండి సీసా తెచ్చుకొనును. కాంపౌండరు కొలతగాజుతో మిక్స్చరు పోసి, మోతాదు తెలియుటకై గంట్లుగా కత్తిరించిన కాగితపు ముక్కను సీసా కంటించి, "బాగా కలిపి తాగు" అని యిచ్చును. చదువు కొంచెమైనను చేతివాటము గొప్పది. కాని ఆ వృత్తికి దేశమంతటికి నొక్క కట్టుబాటు లేకుండెను. ఎవ్వడైనను బల్లవేసికొని మందు లమ్మవచ్చును; ఎవ్వడైనను కలుపవచ్చును.

దీని ఫలమేమి? మలేరియాతో వణకుచున్న దేశమున, క్వినైను పేర కల్తీ సరుకు అమ్ముడు పోయెను. 1927లో కౌన్సిల్ ఆఫ్ స్టేటునందు ఈ విషయమై తీర్మానము వచ్చెను. 1930లో ప్రభుత్వము కర్నల్ రామనాథ చోప్రాగారి యధ్యక్షతను ఔషధ విచారణ సంఘమును నియమించెను. మరుసటి సంవత్సరమే ఆ సంఘము తన నివేదిక నిచ్చుచు, మందులను గూర్చి యొక చట్టమును, మందులిచ్చు వృత్తిని గూర్చి యొక చట్టమును కావలయునని చెప్పెను. మొదటిది 1940లో వచ్చెను. రెండవది, అనగా ఫార్మసీ చట్టము, దేశము స్వతంత్రమైన పిమ్మట 1948 మార్చి 4వ తేదీని వచ్చెను. సరుకునకు ముందు చట్టము కలిగెను. మనుష్యునకు తరువాత కలిగెను. ఈ వరుసలోనే మన దృష్టి యెట్టిదో తెలియుచున్నది.

చట్టము రాకమునుపే చదువు మొదలయినది. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మహాదేవలాల్ ష్రాఫ్‌గారు ఔషధ విద్యకు బోధన ప్రారంభించిరి. మన యాంధ్ర విశ్వకళాపరిషత్తునందు 1951లో ఆ శాఖ వెలసినది. 1948 చట్టమువలన వృత్తికి కనీసపు చదువు, రాష్ట్రమునకొక పట్టిక, దేశమునకొక మండలి యేర్పడెను. ఆసుపత్రులలో అయిదేండ్లకు తక్కువ గాకుండ మందులు కలిపిన కాంపౌండర్లకును తొలి పట్టికలో చోటు లభించెను. అది న్యాయమే. పని తెలిసినవానిని త్రోసివేసి పని నేర్పుట యెట్లు?

ఇక ఆ చట్టములోని 42వ సెక్షనును మీరు జ్ఞాపకముంచుకొనవలెను. పట్టికలో పేరులేనివాడు వైద్యుని చీటిమీద మందు కలుపరాదు, తయారు చేయరాదు, ఇయ్యరాదు. తన రోగులకు తానే మందిచ్చు వైద్యునికి మాత్రము మినహాయింపు గలదు. ఎంత చక్కని మాట! కాని యీ మాట ఏనాటినుండి యమలులోనికి వచ్చునో నిర్ణయించు నధికారమును రాష్ట్రములకు విడిచిరి. తేదీ నిర్ణయింపని రాష్ట్రములకై 1976 నాటి సవరణ అమలునుండి లెక్కింపగా నెనిమిదేండ్లు గడువు కలిగెను. అనగా 1948లో పుట్టిన మాటకు కొన్నిచోట్ల 1984వరకు ప్రాణము రాలేదు. ముప్పదియారేండ్లు! ఈ నడుమనే మనకు "ఫార్మసిస్టు లేకున్నను అంగడి నడచును" అను నలవాటు ఎముకలలో నింకిపోయినది.

ఇచ్చట అంగడివారి వాదమొకటి గలదు. దానిని తేలికగా త్రోసివేయుట ధర్మము గాదు. వారిట్లందురు: "పూర్వము మందు కలుపవలసి యుండెను, కలుపుటకు చదువు కావలయును. నేడు మాత్రలన్నియు కర్మాగారమునుండియే పొట్లము కట్టబడి వచ్చుచున్నవి. పేరు చూచి తీసి యిచ్చుటకు పట్టభద్రు డెందుకు?"

ఈ ప్రశ్నలో సగము నిజమున్నది. కల్వము పోయినది, కొలతగాజు పోయినది. కాని అపాయము పోలేదు. అది చోటు మార్చుకొన్నది. నాడు తప్పు కలుపుటలో జరిగెడిది. నేడు మందునకు మనిషికి పొంతన గూర్చుటలో జరుగుచున్నది. అంగడిలో వేలకొలది పేర్లు. ఒక్క యక్షరము తేడాతో వేర్వేరు మందులు. జ్వరమునకని యొక పేర, తలనొప్పికని యింకొక పేర, జలుబునకని వేరొక పేర కొన్న మాత్రలు మూడింటను పారాసిటమాలే యుండవచ్చును. పెద్దవారికి దినమునకు 4 గ్రాములు మించరాని యా మందు, తెలియకయే మించిపోయి కాలేయమును చెరచును. రక్తము గడ్డకట్టకుండుటకై వార్ఫరిన్ పుచ్చుకొనుచున్న వృద్ధునికి నొప్పిమాత్ర నొకదానిని చేర్చినచో లోపల రక్తస్రావము కలుగవచ్చును. ఈ సంగతి యట్టపెట్టె చెప్పదు. అడిగి తెలిసికొని మనిషి చెప్పవలెను. కావున ఫార్మసిస్టు పని తగ్గలేదు, పెరిగినది. నాడాయన మందును చేసెడివాడు. నేడాయన మందునకు కావలివాడు.

చట్టమును ఈ మార్పును గుర్తింపకపోలేదు. చీటిమీద ఇచ్చు మందు రిజిష్టరయిన ఫార్మసిస్టు చేతనైనను, ఆయన స్వయముగా కనిపెట్టి యుండగనైనను ఇయ్యబడవలెనని 1945 నిబంధనలే చెప్పినవి. 2008లో రోగి పడక ప్రక్కను నిలిచి మందులను విచారించుటకు తగిన ఫార్మ్.డి. చదువు ఏర్పడెను. 2014 మార్చి 1వ తేదీనుండి హెచ్1 షెడ్యూలు అమలులోనికి వచ్చెను. 46 మందులను, వానిలో పెక్కు సూక్ష్మజీవనాశకములను, అందు చేర్చి, చీటి వ్రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత యిచ్చినది వ్రాసి మూడేండ్లు దాచవలెనని విధించిరి. 2015 నాటి వృత్తి నిబంధనలు, ఫార్మసిస్టు తెల్లకోటు ధరించి, పేరు, రిజిష్టరు సంఖ్య కనబడునట్లు బిళ్ల పెట్టుకొని, రోగితో మందును గూర్చి సంభాషింపవలెనని చెప్పినవి.

కాగితముమీద లోపము లేదు. 2022 నవంబరులో బీహారు రాష్ట్రపు వ్యవహారమొకటి సుప్రీంకోర్టునకు వచ్చినప్పుడు, రిజిష్టరయిన ఫార్మసిస్టు లేకయో, నకిలీ ఫార్మసిస్టుతోనో ఆసుపత్రులను, మందులిచ్చు చోట్లను నడుపుట ప్రజారోగ్యమునకు చేటని న్యాయమూర్తులు హెచ్చరించిరి. 42వ సెక్షను క్రింది జుల్మానా తొలుత వేయి రూపాయలకు మించకుండెను. 2023 నాటి జనవిశ్వాస చట్టముచే అది పెంచబడినది. అయినను గోడమీది చట్రము మాత్రము కదలలేదు.

ఫార్మసిస్టు ఉన్నంతమాత్రమున సమస్తమును చక్కబడునని మేము చెప్పము. 2025 శరత్కాలమున మధ్యప్రదేశములోని ఛింద్వాడాప్రాంతమున దగ్గుమందు త్రాగి ఇరువదికి పైగా పసిబిడ్డలు మరణించిరి. ఆ మందులో డైఎథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసి యుండెను. ఆ విషమును అంగడిలోని ఫార్మసిస్టు కంటితో పట్టజాలడు. అది కర్మాగారమును పరీక్షింపవలసినవారి బాధ్యత. కాని యింకొక సంగతి గలదు. ఆ మందులో నున్న క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్‌ల కూర్పు నాలుగేండ్లలోపు బిడ్డల కీయరాదని సీసాపై వ్రాయవలెనని 2023 డిసెంబరులోనే ప్రభుత్వము శాసించి యుండెను. "బిడ్డ వయసెంత?" అని యడుగుట కెంతసేపు పట్టును? ఆ ప్రశ్న యడుగుటకే యొక మనిషిని అంగడిలో నిలిపితిమి. ఆ మనిషి లేనిచో ఆ ప్రశ్నయు లేదు.

ఇక ఫార్మసిస్టులతో నొక మాట. అయ్యా! అమ్మా! మీరు నాలుగేండ్లు చదివి, పట్టా పుచ్చుకొని, దానిని నెలకింత యని యద్దె కిచ్చుచున్నచో, మీ వృత్తికి విలువ లేదని లోకము ననుటకు మీకేమి హక్కు గలదు? ఇల్లు అద్దెకిచ్చినవాడు వేరొకచోట నివసింపగలడు. పేరు అద్దెకిచ్చినవాడు ఎచ్చట నివసించును? ఆ యంగడిలో జరిగిన ప్రతి తప్పును మీ పేరిటనే జరుగుచున్నది.

అయినను తప్పంతయు వారిపై మోపుట న్యాయము గాదు. దినమంతయు నిలువబడి పనిచేసినను గుమాస్తా జీతమే లభించునప్పుడు, చదువుకొన్నవాడు కర్మాగారమునకో, పరదేశమునకో పోవును. పట్టా మాత్రము అంగడిలో మిగులును. చిన్న గ్రామములలోని అంగడిదారుడు పూర్తి జీతమిచ్చి ఒకరిని పోషింపజాలననుటయు కొంతవరకు నిజమే. కాని దీనికి మందు చట్టమును చూచి చూడనట్లుండుట గాదు. సర్కారు ఆసుపత్రులలో ఖాళీలు నింపవలెను. మందును విచారించి చెప్పుట యొక పనియని గుర్తించి దానికి తగిన ప్రతిఫలము కల్పింపవలెను. డ్రగ్ ఇన్‌స్పెక్టరు తనిఖీకి పోయినపుడు గోడను గాక మనిషిని చూడవలెను.

కడపటి మాట మనకు. ఈ యద్దె వ్యాపారము నడచుటకు మూలధనము మన యుపేక్షయే. చీటి లేకుండ మందిచ్చు నంగడియే మంచి యంగడియని మనము మెచ్చుచున్నాము. అయిదు దినములు వాడవలసిన మందును రెండు దినములు కొని, జ్వరము తగ్గగానే మానివేయుచున్నాము. మందునకు లొంగని సూక్ష్మజీవులను మన చేతులతో మనమే పెంచుచున్నాము. కూరగాయలు కొనునప్పుడు వంకాయను పదిమార్లు త్రిప్పి చూతుము. ప్రాణమును కాపాడు మాత్రను చూడకయే సంచిలో వేసికొందుము.

కావున మీ రందరును రేపటినుండి మందుల యంగడికి పోయినపుడు మూడు ప్రశ్నలడుగుడని ప్రార్థించుచున్నాము. ఇక్కడి ఫార్మసిస్టుగారు ఎవరు? ఈ మందు దేనికి, ఎప్పుడు, ఎన్నాళ్లు? నేనిదివరకే వాడుచున్న మందులతో దీనికి పొత్తు కుదురునా? మొదటి ప్రశ్నకు జవాబుగా వేలు గోడవైపు చూపినచో, వినయముగా చీటి తిరిగి తీసికొని వేరొక యంగడికి పొండు. పదిమంది యట్లు చేసిననాడు పదునొకండవ దినమున ఆ చట్రములోని మనిషి దిగివచ్చి బల్లవెనుక నిలుచును.

ఆ వృద్ధురాలు తిరిగి పోవుచు మాతో, "నాయనా, చదువుకున్నవాళ్లు ఎదురుపడ్డారు కనుక బతికాను" అనెను. ఆ మాట మాకు సంతోషము గలిగింపలేదు. చదువుకొన్నవాడొక డచ్చట నుండవలెనని శాసనము చేసి యెన్నో యేండ్లయిన దేశమున, ఆమె ప్రాణము దారిని పోవువాని రాకపై నాధారపడ నేల?