చుట్ట ఘాటు ఎక్కడిది?

తిరుత్తణిలోనైనా, పక్కనున్న తిరువళ్లూరులోనైనా తెలుగు పెద్దలకు చుట్ట గురించి చెప్పక్కర్లేదు. ఒక చుట్ట నసాళానికి అంటుతుంది, మరొకటి మెత్తగా సాగుతుంది. ఎందుకని?

ఘాటుకు మూలం నికోటిన్. అది మొక్క వేళ్లలో తయారై ఆకులకు ఎక్కుతుంది. పూత వేళకు రైతు తల తుంచి, పిలకలు గిల్లేస్తే ఆ బలమంతా మిగిలిన ఆకులకే చేరుతుంది. పై ఆకులకు ఘాటెక్కువ, అడుగు ఆకులు చప్పన.

మెత్తదనం మాత్రం కోత తరవాతి పని. గోదావరి లంక పొగాకునే తీసుకోండి. ఆకును నీడలో ఆరగట్టి, ఆ పైన కుప్పగా పేర్చి మండె వేస్తారు. మండె లోపల వేడి పుడుతుంది. అది మితిమీరకుండా పైఆకు కిందికి, కిందిది పైకి తిరగేస్తుంటారు. అమ్మోనియా పోయి, పచ్చివాసన తగ్గి, ఆకు ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. తొందరపడి చుట్టిన ఆకు గొంతు గీరుతుంది. చుట్టే చేతిలోనూ ఉంది: మరీ బిగిస్తే పొగ రాదు, వదులైతే వేడిగా కాలి నాలుక చుర్రుమంటుంది.

ఒక్క హెచ్చరిక. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరల నుంచే రక్తంలో కలుస్తుంది. శ్రీకాకుళం వైపు నిప్పును నోట్లో ఉంచుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్‌ను వైద్యులు ఎన్నడో గుర్తించారు. మెత్తని చుట్టయినా హాని హానే. మానాలనుకునేవారికి జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800 11 2356. రాసుకోండి.