అయిదు శాతం గ్యారంటీ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెట్టుబడిదారీ వ్యవస్థ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆదేశం. సిద్ధాంతాలు నాకు తెలియవు. ఉద్యోగమంతా ఫైళ్ళతో గడిచింది గనుక ఒప్పందాల సంగతి చెబుతాను.

సొంత డబ్బు పెట్టి, నష్టానికి తెగించేవాడు పెట్టుబడిదారుడంటారు. మన దేశంలో రైళ్ళు వేసిన ఇంగ్లీషు కంపెనీలకు ఆ తెగింపు అవసరం రాలేదు. 1849 నాటి ఒప్పందాల ప్రకారం భూమి ఉచితం, పెట్టుబడి మీద ఏటా 5 శాతం గ్యారంటీ. రాబడి అంతకు తగ్గితే ఆ తరుగు ఖజానా పూడ్చాలి. ఖజానా అంటే రైతు కట్టిన శిస్తే కదా! ఇక పొదుపు చేసేదెవరు? మైలుకు 8 వేల పౌన్లని డల్హౌసీ వేసిన అంచనా తీరా చూస్తే రెట్టింపు దాటింది. ఆ సొమ్ము హుగ్లీ నదిలో పోసినా మదుపుదారుకు ఒకటేనని మాజీ ఆర్థిక సభ్యుడు మాసీ 1872లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. మనకూ పెన్షను గ్యారంటీ లేదా అని మీలో ఎవరైనా అనవచ్చు. అది ముప్పై ఏళ్ళు చాకిరీ చేసి తెచ్చుకున్నదండీ!

నిజాం రాజ్యంలో వాడి–సికింద్రాబాదు లైను 1874లో వచ్చింది. దానిని పొడిగించడానికి 1883 చివర లండన్ కంపెనీతో ఒప్పందమైంది. 20 ఏళ్ళు 5 శాతం గ్యారంటీ. సాలార్‌జంగ్ ఆ ఫిబ్రవరిలోనే పోయారు. నిజాం ఇంకా మైనరు. 1884 ఫిబ్రవరిలో గాని అధికారం చేతికి రాలేదు. రెండు నెలలు ఆగితే ఏం మునిగిపోయేదో! ఈ రైలు పథకాన్ని ప్రశ్నించినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను ఆ ఏడే రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. కంపెనీ పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఇంత నిజాయితీగా పేరు పెట్టుకున్న కంపెనీ మరొకటి నేను వినలేదు.

ఇక బొగ్గు. డాక్టర్ కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర కనుగొన్నాడు. గనుల హక్కుతో 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. 10 పౌన్ల వాటాలు లక్ష. అందులో 85 వేలు హక్కు సంపాదించినవారే, సొమ్ము చెల్లించినట్టు రాయించుకుని, తీసుకున్నారు. సర్కారు తరఫున బేరమాడిన అధికారి అబ్దుల్ హక్‌కు అందులో వాటాలుండేవి. వాటినే సర్కారు చేత కొనిపించాడు! 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారించింది. ఆయన పదవి ఊడింది. కంపెనీకి మాత్రం ఏమీ కాలేదు. 1889లో తవ్వకం మొదలైంది, బొగ్గు రైలింజన్లకు చేరింది. వాటాల వ్యాపారం చేయరాదని మన ప్రవర్తనా నియమావళిలో ఉన్న రూలు చూసి కుర్రతనంలో నవ్వుకునేవాళ్ళం, గుర్తుందా?

1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ అయింది. రైల్వేను 1930లో, గనుల్లో అధిక వాటాను 1945లో నిజాం ప్రభుత్వం కొనుక్కున్నది. ఇప్పుడు సింగరేణిలో తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం. ఆ కొనుగోళ్ళకు ఎంత చెల్లించారో, ఏ లెక్కన చెల్లించారో కూడా తిరగేయాలి. మన సంఘంలో ఆర్థిక శాఖ మిత్రులున్నారు. వచ్చే సమావేశానికి ఆ పని వారికి అప్పగిస్తూ సెలవు తీసుకుంటున్నాను.