ఎండకు మూతపడ్డ బడి

2024 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్‌లలో ఎండ దెబ్బకు బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది వాతావరణ వైపరీత్యాల వల్ల 85 దేశాల్లో కనీసం 24 కోట్ల మంది విద్యార్థుల చదువుకు ఆటంకం కలిగిందని యునిసెఫ్ లెక్క. నాలుగు రోజులు సెలవిస్తే కొంపలేమీ మునగవు, మన ఒంటిపూట బడుల్లాగా సర్దుకోవచ్చు కదా అనేవారుంటారు. ఫిలిప్పీన్స్ సర్దుకోవాలనే చూసింది. మండుటెండలు సెలవుల్లో పడేలా, కరోనా కాలంలో వెనక్కి జరిగిన విద్యాసంవత్సరాన్ని తిరిగి జూన్‌కు తెచ్చింది. తీరా చూస్తే అక్కడ జూన్ నుంచే తుఫానుల కాలం. పైగా తుఫానొస్తే ఊరివాళ్లు తలదాచుకునేదీ చాలాచోట్ల బడిలోనే!

ఆన్‌లైన్ పాఠాలంటారా, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోనున్న రేకుల ఇంట్లో అవి మాటవరసకే. పోయేది పాఠాలే అయితే తర్వాతైనా చెప్పుకోవచ్చు. పంట పోయిన ఇంట్లో బడి కూడా లేకపోతే పిల్లవాడు కూలికి వెళ్తాడు, ఆడపిల్లకు సంబంధాలు చూస్తారు. బడి తెరిచాక వాళ్లలో కొందరు తిరిగి రారు. పిల్లలకు వాతావరణ ముప్పు అత్యధికంగా ఉన్న 33 దేశాలు కలిసి వదిలే కార్బన్ డయాక్సైడ్ ప్రపంచ మొత్తంలో 9 శాతమేనని 2021లో యునిసెఫ్ చెప్పింది. అలాంటప్పుడు బడులకు కావలసిన చల్లని పైకప్పులకూ గట్టి గోడలకూ అయ్యే ఖర్చంతా ఆ దేశాలే భరించాలనడం నాకు న్యాయంగా తోచదు.