రానివాళ్ల లెక్క



ఇవాళ్టి నుంచి డాక్టర్లని పిలిపించుకోబోతున్న పిల్లలూ,

మీరు 2020 సెప్టెంబరు 13న నీట్ రాసినవాళ్లు. అప్పటికి ఆ పరీక్ష రెండుసార్లు వాయిదా పడింది. మూతికి మాస్కు, చేతిలో శానిటైజర్ సీసా, గేటు బయట ఎడం ఎడంగా నిలబడ్డ తల్లిదండ్రులు. డాక్టర్లు, నర్సులు జబ్బుపడుతున్నారని రోజూ పేపర్లో చదువుతూ కూడా డాక్టరు కావాలనుకున్నారు మీరు. అందుకే ఆ ఏడాది గురించే మీతో మాట్లాడదామని వచ్చాను. కరోనా వార్డుల గురించి చాలామంది చెప్పారు, ఇంకా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది ఆ ఏడాది మా క్యాజువాల్టీకి రానివాళ్ల గురించి.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. పాతికేళ్లకు పైగా తెనాలిలో పనిచేశాను. తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా గుండెపోట్లు ఎక్కువని మీరు పుస్తకంలో చదివారు. నేను మా క్యాజువాల్టీ బయట బెంచీ మీద చూశాను. ఇంకా చీకటి ఉండగానే వేమూరు నుంచి, కొల్లూరు నుంచి, భట్టిప్రోలు నుంచి, రేపల్లె నుంచి ఆటోలు వచ్చేవి. మెడ చుట్టూ తువ్వాలు, చెమటకి వీపుకి అతుక్కుపోయిన చొక్కా, పక్కన సోడా సీసా పట్టుకున్న భార్య. "ఛాతీ నొప్పి" అని మన ఊళ్లలో ఎవరూ అనరు. గ్యాసు పట్టేసిందంటారు. గుండెల్లో మంటంటారు. రొమ్ము మీద రోలు పెట్టినట్టుందంటారు. ఎడమ రెక్క పీకుతోందంటారు. ఆడవాళ్లయితే, షుగరు ఉన్నవాళ్లయితే అదీ అనరు, ఆయాసంగా ఉందని మాత్రం అంటారు. ఈ మాటలన్నిటికీ ఒకటే జవాబని మా సిస్టర్లకు తెలుసు. మనిషి మంచమెక్కిన పది నిమిషాల్లో ఈసీజీ కాగితం నా చేతిలో ఉండేది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి లాక్‌డౌన్. ఏప్రిల్ మొదటి వారానికల్లా ఆ బెంచీ ఖాళీ అయిపోయింది.

నిజం చెబుతున్నాను, మొదట మాకు ఊరటగా అనిపించింది. రోడ్ల మీద బళ్లు లేవు, పొగ లేదు, బజారు తిండి లేదు, జనం ఇళ్లలో పడుకుని విశ్రాంతి తీసుకుంటున్నారు, గుండెపోట్లు తగ్గాయి అని డ్యూటీ రూములో కూర్చుని మాకు మేమే కారణాలు చెప్పుకున్నాం. చదువుకున్నవాళ్లం, అనుభవం ఉన్నవాళ్లం. ఆ వివరణ మాకు హాయిగా ఉంది కాబట్టి నమ్మాం.

ఆ తర్వాత లెక్కలు వచ్చాయి. భారత కార్డియాలజీ సంఘం దేశమంతటా 187 ఆసుపత్రుల రికార్డులు తీసింది. 2019లో మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా గుండెపోటుతో చేరినవాళ్లు 25,418 మంది. 2020లో అవే మూడు నెలల్లో 16,414 మంది. అంటే 35 శాతం తక్కువ. ఆ అధ్యయనంలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటుంది. కరోనా కేసులు ఎక్కువున్న వారంలో గుండె రోగులు తగ్గి ఉంటారని ఎవరైనా అనుకుంటారు.  కానీ కేసుల సంఖ్యతో కంటే లాక్‌డౌన్ ఎంత బిగువుగా ఉందన్న దానితోనే ఆ తగ్గుదలకు ఎక్కువ పొత్తు కుదిరింది.   రోడ్డు మూసినకొద్దీ రోగి ఆగిపోయాడు. జబ్బు మాత్రం ఆగలేదు. అమెరికాలో ఆ ఏప్రిల్ నెలలో ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చినవాళ్లు ముందు ఏడాది కంటే 42 శాతం తగ్గారు, వాళ్లలో ఛాతీ నొప్పి వాళ్లూ ఉన్నారు. ఇటలీలోని లొంబార్డీలో, కరోనా మొదట విరుచుకుపడ్డ జిల్లాల్లో, ఆసుపత్రికి చేరకముందే గుండె ఆగిపోయినవాళ్లు 58 శాతం పెరిగారు.

ఇప్పుడు మన దారి చూడండి. రేపల్లె రైలు కట్ట చివరి స్టేషను. అక్కణ్ణుంచి తెనాలికి సుమారు 35 కిలోమీటర్లు, తెనాలి నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి ఇంకో 25. బాపట్ల నుంచి గుంటూరుకి 50. స్టెంటు వేయించుకోవాలంటే ఎక్కువమందికి గుంటూరో, విజయవాడో. మామూలు రోజుల్లోనే ఇది గంటన్నర మాట. ఆ రోజుల్లో ప్యాసింజర్ రైళ్లు లేవు. ఆర్టీసీ బస్సు మళ్లీ రోడ్డెక్కింది మే 21న. ఆటోవాడు పోలీసుకు భయపడ్డాడు. ఊళ్లో ఆర్ఎంపీ తలుపు వేసుకున్నాడు. వీటన్నిటినీ మించి ఇంకో భయం. ఆసుపత్రికి వెళితే ముందు పరీక్ష చేస్తారట, కరోనా అని రాస్తారట, తీసుకుపోతే మళ్లీ ముఖం కూడా చూపించరట. ఆ భయం ఉత్తదని నేను అనను. అది ఎవరి ఇంట్లో నిజమైందో వాళ్లకు తెలుసు.

మూసుకుపోయిన రక్తనాళానికి ఈ సంగతులేవీ తెలియవు. గడ్డ కట్టిన అరగంట నుంచే కండరం చావడం మొదలవుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటలో పడితే గుండె దాదాపు గుండెగానే మిగులుతుంది. పన్నెండు గంటలు దాటాక వస్తే మనం చేయగలిగేది చాలా కొంచెం.

ఒక ఫోన్ గురించి చెబుతాను. ఏప్రిల్ రెండో వారం, రాత్రి తొమ్మిది. రేపల్లె అవతల ఒక పల్లె. రిటైరైన మాస్టారు, పన్నెండేళ్లుగా నా దగ్గరే బీపీకి, షుగరుకి మందులు వాడుతున్న మనిషి. ఆయన భార్య ఫోన్ చేశారు. "డాక్టరమ్మా, మాస్టారికి సాయంత్రం నుంచి గుండెల్లో మంటగా ఉందంటున్నారు. చెమటలు పోస్తున్నాయి. మధ్యాహ్నం పుల్లట్లు తిన్నారు, అందుకేనేమో" అన్నారు.

నేను అడిగినవి మూడు ప్రశ్నలు. జ్వరం ఉందా? దగ్గు ఉందా? బయటి ఊరి నుంచి మీ ఇంటికి ఎవరైనా వచ్చారా? మూడింటికీ లేదన్నారు. చెమటలన్న మాట నా చెవిన పడింది. ఏప్రిల్ కదా, ఉక్క అనుకున్నాను. పాంటాప్ మాత్ర వేసి పడుకోమనండి, రేపు చూద్దాం అన్నాను. రమ్మంటే ఆయనకి ఇక్కడ కరోనా అంటుకుంటుందేమోనన్న భయం నా మనసులోనూ ఉంది. రోగికి ఉన్న భయమే డాక్టరుకీ ఉంటే ఇద్దరూ కలిసి ఒకటే తప్పు చేస్తారు. ఆ రాత్రి చేశాం.

మూడో రోజు ఆయాసంతో 108లో తెచ్చారు. ఈసీజీలో పాత మచ్చలా క్యూ తరంగాలు. ఎకోలో గుండె పంపింగు 30 శాతం. ఇంజెక్షన్ ఇచ్చే వేళ ఎప్పుడో దాటిపోయింది. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. మంచం మీద నుంచే "ఇబ్బంది రోజులమ్మా, మీరు మాస్కు సరిగ్గా పెట్టుకోండి" అన్నారు.

ఆ మర్నాడు మా బీపీ–షుగరు రిజిస్టరు తీయించాను. మీరు చేరబోయే ప్రతి ఆసుపత్రిలోనూ అలాంటిది ఒకటుంటుంది. దుమ్ము పట్టి, అట్ట ఊడి, ఫోన్ నంబర్లు సగం చెరిగిపోయి. నేనూ, ఇద్దరు సిస్టర్లూ సాయంత్రాలు కూర్చుని వరసగా ఫోన్లు చేశాం. మొదటి ప్రశ్న జ్వరం గురించి కాదు. మెట్టెక్కితే ఆయాసమొస్తోందా, రాత్రి పడుకోగలుగుతున్నారా, మాత్రలు ఉన్నాయా, అయిపోయాయా అని అడిగాం. చాలామందికి అయిపోయాయి. వాళ్ల ఊరి ఆశా కార్యకర్తలకు చెప్పి పంపించాం. జ్వరాల సర్వే కోసం ఇంటింటికీ తిరుగుతున్న ఆ ఆడపడుచులు మా మాత్రల పొట్లాలు కూడా మోశారు. ఆ ఏడాది పడిన కష్టానికి వాళ్లకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

అలా చేస్తుంటే బాపట్ల దగ్గర ఒకావిడ ఫోనెత్తింది. షుగరు మనిషి. అంతా బాగానే ఉందమ్మా, రెండు గంటల నుంచి దవడ లాగుతోంది, పన్ను నొప్పి, పళ్ల డాక్టరు లేడు అంది. ఒళ్లు తడిగా ఉందా అని అడిగాను. ఉందంది. ఇంట్లో వాళ్ల చేత ఆస్పిరిన్ తెప్పించి నమిలి మింగించి, పాల వ్యాన్ ఎక్కించి బాపట్లలో డ్యూటీలో ఉన్న నా జూనియర్ దగ్గరికి పంపించాను. ఇరవై నిమిషాల్లో ఆమె ఈసీజీ ఫోటో నా వాట్సాప్‌లో ఉంది. గుండె కింది గోడకి పోటు. 15 లక్షల యూనిట్ల స్ట్రెప్టోకైనేజ్ గంటలో ఎక్కించాడు ఆ అబ్బాయి. పీపీఈ సూటు లోపల ఒళ్లంతా చెమటతో, కళ్లద్దాలు మసకబారి, మానిటరు ముందు నుంచి కదలకుండా నిలబడ్డాడు. రెండో ఈసీజీలో గీత కిందికి దిగింది. ఆవిడ ఇప్పటికీ సంక్రాంతికి అరిసెలు పంపిస్తుంది. పన్ను నొప్పి తగ్గించినందుకు అంటుంది.

ఇప్పుడు మీ చేతికి మాకంటే మంచి పనిముట్లు వచ్చాయి. 2020 జులై 1న 108, 104 బళ్లు కొత్తవి 1,088 రోడ్డెక్కాయి. 2023 నుంచి మన రాష్ట్రంలో సుమారు 40 వేల రూపాయల టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు ఈసీజీ చూసి చెబితే చిన్న ఊరి డాక్టరే ఇవ్వొచ్చు. మేం గంటసేపు ఎక్కించినదాన్ని మీరు కొన్ని సెకన్లలో ఇస్తారు. మీరు చేరిన రోజునే ఫ్రిజ్ తలుపు తీసి అది ఉందో లేదో చూసుకోండి. ఈసీజీ యంత్రంలో కాగితం ఉందా, రాత్రి రెండింటికి ఈసీజీ తీయగలిగేదెవరు, మీ ఊరి చివరి ఇంటికి బండి ఎంతసేపట్లో వెళుతుంది, ఇవి కూడా. ఓపీ ఖాళీగా ఉన్న రోజున రిజిస్టరు తీయండి. వరదొచ్చి ఖాళీ కావచ్చు, తుఫానొచ్చి కావచ్చు. బాపట్ల, రేపల్లె తీరంలో పనిచేసేవాళ్లకు తుఫాను కొత్త కాదు.

మాస్టారు ఇంకో రెండేళ్లు బతికారు. అరుగు దాకా నడిచి కుర్చీలో కూర్చోవడం, మళ్లీ లోపలికి రావడం, అదీ ఆ రెండేళ్ల బతుకు. పోయిన పదిరోజులకి ఆయన భార్య ఫోన్ చేశారు. పెద్దకర్మ ఎప్పుడో చెప్పి, కాసేపు ఊరుకుని అడిగారు. "డాక్టరమ్మా, ఆ రోజు రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి మిమ్మల్ని ఇబ్బంది పెట్టామా?"

లేదమ్మా, ఇంకోసారి చేయాల్సింది అన్నాను. నేనే చేయాల్సింది అన్న మాట మాత్రం పెద్దకర్మకి వెళ్లి, ఆవిడ పక్కన అరుగు మీద కూర్చుని చెప్పాను.