షుగర్ పుండుకు ఆక్సిజన్ గది: డబ్బు కట్టే ముందు ఒక మాట

డ్యూటీలో ఉండి ఈ ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను గల్ఫ్‌లో ఒక ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే నర్సుని. మన క్యాంపుల అన్నలు, తమ్ముళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: "సిస్టర్, ఆక్సిజన్ గదిలో పడుకోబెడితే కాలి పుండు మానుతదంట, నిజమేనా?"

కొంత నిజం. అందరికీ కాదు.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. ఆ గదిలో మామూలు కంటే 2 నుంచి 2.5 రెట్ల ఒత్తిడి పెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు. అప్పుడది రక్తంలోని నీటి భాగంలో కూడా బాగా కరిగి పుండు దాకా చేరుతుంది. ఒక్కో సిట్టింగ్ గంటన్నర నుంచి రెండు గంటలు. వారానికి 5 రోజుల లెక్కన 30, 40 సిట్టింగులు పట్టొచ్చు. అన్ని రోజులు సెలవు దొరుకుతుందా, ఇన్సూరెన్స్ ఇస్తుందా, ముందే అడగండి.

ఫలితం సంగతి. 2010లో స్వీడన్‌లో 94 మందిపై చేసిన పరిశోధనలో, ఏడాదికి ఈ వైద్యం తీసుకున్నవాళ్లలో 52 శాతం మందికి పుండు మానింది, తీసుకోనివాళ్లలో 29 శాతానికి. 2018లో నెదర్లాండ్స్‌లో 120 మందిపై చేసిన దాంట్లో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదు. అందుకే ఇది మొదటి మందు కాదు. షుగర్ అదుపు, చచ్చిన కండ తీసేయడం, చీముకు మందు, కాలికి రక్తం అందుతోందో లేదో పరీక్ష, పుండు మీద బరువు పడకుండా చూడడం ముందు జరగాలి. పుండు లోతుగా ఎముక దాకా పోయి, నెల రోజులు ఇవన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడు డాక్టర్లు దీని గురించి ఆలోచిస్తారు.

గదిలోకి వెళ్లేటప్పుడు తలకు నూనె, అత్తరు, ఫోన్, లైటర్ ఏవీ ఉండకూడదు, నిప్పు ప్రమాదం. చెవులు మూసుకుపోతే గుటకలు వేయండి. లోపల షుగర్ పడిపోవచ్చు, అందుకే ముందూ తర్వాతా చూస్తారు. ఊపిరితిత్తుల జబ్బుంటే దాచకండి.

చాలామంది పుండునే దాచేస్తున్నారు. ఫోర్‌మ్యాన్‌కు తెలిస్తే ఇంటికి పంపిస్తాడని భయం. వీసాకు చేసిన అప్పు ఇంకా తీరలేదు కదా, ఆ భయం ఉత్తది కాదు. కానీ లెక్క చూడండి. చిన్న పుండప్పుడే వస్తే కట్లతో, కాలికి కొంచెం విశ్రాంతితో పోవచ్చు. ఎముక కుళ్లాక వస్తే వేలో పాదమో తీసేయాల్సి రావచ్చు. అప్పుడు ఉద్యోగం ఎట్లాగూ నిలవదు.

షుగర్ ఉంటే పాదానికి నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి లేదంటే పుండు లేదని కాదు. ఈ రాత్రి డ్యూటీ దిగాక బూట్లు దులపండి, అరికాలు లైటు కింద చూసుకోండి. వంగలేకపోతే ఫోన్‌తో ఫోటో తీయండి, లేదా రూంమేట్‌ను చూడమనండి. ఎర్రబడినా, నీరు కారినా, సాక్స్‌కు మరక అంటినా రేపే క్లినిక్‌కు పోండి.